బరువు తగ్గే ఆపరేషన్: స్లీవా, బైపాసా? హనుమకొండా, హైదరాబాదా? ఇన్సూరెన్స్ వస్తుందా?

బరువు తగ్గే ఆపరేషన్ గురించి మా వరంగల్ వైపు అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒకరికి షుగర్ ఎన్ని మందులు మార్చినా దిగదు, ఒకరికి రాత్రి గురకతో ఊపిరి ఆగుతుంది, ఇంకొకరు మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేరు. అందరూ మొదట అడిగేది ఎంతవుతుందని, తర్వాత స్లీవ్ మంచిదా బైపాస్ మంచిదా అని. మా అక్క ఆపరేషన్ అప్పుడు ఫైలు పట్టుకుని డాక్టర్ల దగ్గరికీ ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరికీ తిరిగింది నేనే. ఆ అనుభవంతో చెబుతున్నా, ఈ రెండింటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి నన్ను ఎవరు చూస్తారు, నేను వాళ్ల దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లగలనా? దీనికి జవాబు దొరికితే మిగతా ఎంపికలు చాలావరకు తేలిపోతాయి.

## ముందుగా మీ గురించి మీరు తేల్చుకోవాల్సినవి

బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె ఇది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బీఎంఐ 35 అంటే దాదాపు 90 కిలోలు, 40 అంటే 102 కిలోల పైచిలుకు. 170 సెంటీమీటర్ల మనిషికి అవే అంకెలు 101 కిలోలు, 116 కిలోలు. ఎత్తును చెప్పులు విప్పి కొలిపించుకోండి. రెండు సెంటీమీటర్ల తేడా వస్తే అర్హత అటో ఇటో అయిపోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. డాక్టర్ల లెక్క, ఇన్సూరెన్స్ కంపెనీ లెక్క ఒకటి కావు. మన భారతీయులకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తాయి కాబట్టి ఇక్కడి సర్జన్లు చాలాకాలంగా బీఎంఐ 37.5 దాటితే, లేదా జబ్బులు తోడుంటే 32.5 దాటితే ఆపరేషన్ ఆలోచిస్తారు. 2022లో వచ్చిన అంతర్జాతీయ సర్జన్ల మార్గదర్శకాలు ఆసియా వాళ్ల విషయంలో ఈ గీతను ఇంకా కిందికి తెచ్చాయి. ఇన్సూరెన్స్ పాలసీలో మాత్రం 40, లేదా కొన్ని జబ్బులు ఉంటే 35 అని ఉంటుంది. అంటే 84 కిలోలున్న 160 సెంటీమీటర్ల మహిళకు, షుగర్ ఉంటే, డాక్టర్ "చేయొచ్చు" అంటాడు, కంపెనీ "ఇవ్వం" అంటుంది. ఇద్దరూ తమ తమ కాగితం ప్రకారం చెబుతున్నట్టే.

ఛాతీలో మంట. పుల్లటి త్రేన్పులు, పడుకుంటే గొంతులోకి తన్నుకొచ్చే మంట, ఏళ్లుగా గ్యాస్ మాత్ర వేసుకోవడం లాంటివి ఉంటే డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఏ ఆపరేషన్ అన్నది చాలాసార్లు దీని మీదే తేలుతుంది.

షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉంది? మూడేళ్ల షుగర్, పదిహేనేళ్ల షుగర్ ఒకటి కాదు. ఇన్సులిన్ ఎక్కువ ఏళ్లుగా వాడుతున్నవాళ్లలో షుగర్ పూర్తిగా వెనక్కి పోయే అవకాశం తగ్గుతుంది. అయినా మందులు, డోసు తగ్గడం మామూలే.

రోజూ మాత్ర వేసుకునే అలవాటు. బీపీ మాత్రే వారానికి నాలుగు రోజులు మర్చిపోయే మనిషి జీవితాంతం విటమిన్లు వేసుకోగలడా? ఈ మాట ఇంట్లో వాళ్లను అడగండి, వాళ్లు నిజం చెబుతారు.

పిల్లల ప్లాన్, మందు, పొగ. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం వద్దంటారు. మద్యం, సిగరెట్ సంగతి కింద చెబుతాను.

## ఏ దారిలో ఏముంది

| | స్లీవ్ | బైపాస్ (రెండు అతుకులది) | మినీ బైపాస్ (ఒక అతుకుది) | బెలూన్ | వారపు ఇంజెక్షన్ |
|---|---|---|---|---|---|
| ఏం చేస్తారు | పొట్టలో మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు | చిన్న సంచి చేసి పేగును రెండు చోట్ల కలుపుతారు | పొడుగాటి సంచి చేసి పేగును ఒక చోట కలుపుతారు | పొట్టలో నీళ్లో గాలో నింపిన బుడగ | ఆకలి తగ్గించే మందు |
| తగ్గే బరువు (మొత్తం బరువులో సుమారుగా) | నాలుగో వంతు | నాలుగో వంతు నుంచి మూడో వంతు | బైపాస్ స్థాయి | పదో వంతు చుట్టూ | ఏడో వంతు నుంచి ఐదో వంతు, వాడినన్నాళ్లు |
| ఛాతీ మంట ఉంటే | పెరగొచ్చు | తగ్గుతుంది | పైత్యరసం పైకి రావొచ్చు | మొదట్లో వాంతులు | వికారం |
| వెనక్కి మార్చడం | కుదరదు | కష్టం | కష్టం | తీసేస్తారు | ఆపేయొచ్చు |
| విటమిన్లు | జీవితాంతం | జీవితాంతం, ఎక్కువ | జీవితాంతం, ఎక్కువ | కొంతకాలం | డాక్టర్ చెబితే |
| ఇన్సూరెన్స్ | షరతులకు లోబడి | షరతులకు లోబడి | షరతులకు లోబడి | సాధారణంగా రాదు | సాధారణంగా రాదు |

### స్లీవ్

మన దగ్గర ఎక్కువగా చేసేది ఇదే. పొట్టను నిలువుగా కత్తిరించి అరటిపండు ఆకారంలో గొట్టంలా మిగులుస్తారు. పేగుల జోలికి పోరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కోసేసిన ముక్కలోనే పోతుంది కాబట్టి మొదటి ఏడాది ఆకలి బాగా తగ్గుతుంది. ఆపరేషన్ గంట, గంటన్నరలో అవుతుంది, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు.

పేగులో అతుకులు లేవు కాబట్టి పుళ్లు, పేగు మెలిపడటం లాంటి దూరపు ఇబ్బందులు తక్కువ. నొప్పి మాత్రల విషయంలో బైపాస్ అంత కఠినం కాదు. విటమిన్లు కొన్నాళ్లు తప్పినా నష్టం కొంత నెమ్మదిగా కనిపిస్తుంది. డాక్టర్‌కు దూరంగా ఊళ్లో ఉండేవాళ్లకు స్లీవ్ వైపు మొగ్గడానికి ఇవే కారణాలు.

దీని బలహీనత ఛాతీ మంట. స్విట్జర్లాండ్‌లో 217 మంది మీద స్లీవ్‌నూ బైపాస్‌నూ పోల్చి ఐదేళ్లు చూశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. తగ్గిన బరువులో పెద్ద తేడా లేదు. ముందే మంట ఉన్నవాళ్లలో అది మరింత ముదిరింది మాత్రం స్లీవ్ వైపు దాదాపు 32 శాతం మందిలో, బైపాస్ వైపు 6 శాతం మందిలో. మా అక్కకు స్లీవ్ అనుకున్నవాళ్లం బైపాస్‌కు మారింది ఇందుకే. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం పుండుపడి కనిపించింది. ఎండోస్కోపీ లేకుండా నేరుగా స్లీవ్‌కు తేదీ ఇచ్చే చోట నేనైతే చేయించుకోను.

### బైపాస్

గుడ్డంత సంచి మాత్రం మిగిల్చి, దానికి చిన్నపేగును కలుపుతారు. తిన్నది కొంత పేగును దాటేసి పోతుంది. ఛాతీ మంటకు ఇది మందులాంటిది. షుగర్ విషయంలోనూ స్లీవ్ కంటే కాస్త ముందుంటుంది. అమెరికాలో 150 మంది షుగర్ పేషెంట్ల మీద జరిగిన ఒక పరిశీలన ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6 శాతం లేదా అంతకంటే కిందికి వచ్చింది బైపాస్ వాళ్లలో 29 శాతానికి, స్లీవ్ వాళ్లలో 23 శాతానికి, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతానికి. అంటే ఆపరేషన్‌కూ మందులకూ మధ్య ఉన్న తేడా, రెండు ఆపరేషన్ల మధ్య ఉన్నదానికంటే చాలా పెద్దది. "షుగర్ పూర్తిగా పోతుంది, గ్యారంటీ" అనే ప్రకటనలు చూసినప్పుడు ఈ అంకెలు గుర్తు పెట్టుకోండి.

బైపాస్‌కు మీరిచ్చే మూల్యం క్రమశిక్షణ. ఐరన్, బీ12, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాలి. తీపి ఎక్కువ తింటే చెమటలు, గుండె దడ, విరేచనాలు వస్తాయి, దాన్ని డంపింగ్ అంటారు. అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి సిగరెట్, బీడీ పూర్తిగా మానాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులకు దూరంగా ఉండాలి.

ఈ చివరి మాట మన ఊళ్లలో చాలా ముఖ్యం. నడుం నొప్పి అనగానే దగ్గర్లోని ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేసేస్తాడు. ఆయనకు మీ ఆపరేషన్ సంగతి తెలియదు. "నాకు బైపాస్ అయింది" అంటే గుండె బైపాస్ అనుకుంటాడు. "పొట్ట ఆపరేషన్ అయింది, ఈ సూదులు పడవు" అని విడమరిచి చెప్పాలి. డిశ్చార్జి కాగితం ఫొటో మీ ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ పెట్టుకోండి.

### మినీ బైపాస్

ఒకే అతుకు కాబట్టి ఆపరేషన్ టైమ్ తగ్గుతుంది, బరువు బాగా తగ్గుతుంది. మన దేశంలో చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పేగును ఎంత పొడుగు దాటిస్తారన్నది ఇక్కడ కీలకం. 150 నుంచి 200 సెంటీమీటర్లు మామూలు. అంతకు మించితే బరువు ఇంకా తగ్గవచ్చు కానీ ప్రొటీన్, ఐరన్ లోపాలు, విరేచనాలు పెరుగుతాయి. శాకాహారులు సర్జన్‌ను "ఎన్ని సెంటీమీటర్లు?" అని తప్పకుండా అడగాలి. పైత్యరసం పైకి ఎగజిమ్మే అవకాశం ఉంది కాబట్టి మంట బాగా ఉన్నవాళ్లకు మామూలు బైపాసే మేలు.

### బెలూన్, ఇంజెక్షన్

బెలూన్ ఆరు నెలలుంచి తీసేస్తారు. కొన్ని రకాలు ఏడాది ఉంటాయి. మింగే రకమైతే దాదాపు నాలుగు నెలల్లో దానంతటదే ఖాళీ అయి బయటికి పోతుంది. తీసేశాక బరువు తిరిగి రావడం మామూలే. వంద కిలోలు దాటినవాళ్లు దీన్నే అసలు చికిత్స అనుకుని డబ్బు పెట్టొద్దని నా సలహా. బరువు మరీ ఎక్కువై మత్తు ఇస్తే ప్రమాదం ఉన్నవాళ్లను పెద్ద ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికైతే పనికొస్తుంది.

ఇంజెక్షన్ల సంగతి వేరు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశానికొచ్చాయి. ట్రయల్స్‌లో వెగోవీలోని మందుతో 68 వారాలకు సగటున 15 శాతం దాకా, మౌంజారో పెద్ద డోసుతో 72 వారాలకు 21 శాతం దాకా బరువు తగ్గింది. ఇవి ఆషామాషీ అంకెలు కావు. బీఎంఐ 30, 33 దగ్గర ఉండి ఇన్సూరెన్స్ గీత దాటనివాళ్లు ముందు దీని గురించే ఎండోక్రైనాలజిస్టుతో (హార్మోన్ల డాక్టర్‌తో) మాట్లాడాలి. ఆపేస్తే బరువు చాలావరకు వెనక్కొస్తుంది, ఖర్చు ప్రతి నెలా మీ జేబులోంచే. మూడేళ్ల ఖర్చు కూడి చూసి ఆపరేషన్ ఖర్చు పక్కన పెట్టండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని సొంతంగా పొడుచుకోవడం మాత్రం వద్దు.

## ఎక్కడ చేయించుకోవాలి

వరంగల్ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్ల చుట్టూ. కాజీపేటలో రైలెక్కితే రెండు, రెండున్నర గంటలు. చెకప్‌కు ఇది దూరం కాదు. అర్ధరాత్రి జ్వరం, గుండె వేగం, కడుపు నొప్పి వచ్చినప్పుడు దూరమే.

కుట్టు దగ్గర లీక్ అవడం ఈ ఆపరేషన్లలో అందరూ భయపడే విషయం. అనుభవం ఉన్న చోట నూటికి ఒకరు చుట్టూ జరుగుతుంది. ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లో బయటపడుతుంది. అందుకే హైదరాబాద్‌లో చేయించుకుంటే డిశ్చార్జి కాగానే ఊరికి రాకుండా, కనీసం వారం పది రోజులు అక్కడే చుట్టాల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండండి. మంచిర్యాల, ఆసిఫాబాద్, భూపాలపల్లి వైపు వాళ్లయితే ఇది ఇంకా అవసరం.

హనుమకొండ, వరంగల్ ప్రైవేటు: ఇంటి మనుషులు దగ్గరుంటారు, ఖర్చు కాస్త తగ్గుతుంది, చెకప్‌లకు మానకుండా వెళ్లొచ్చు. సర్జన్ ఇక్కడే ఉంటాడా, హైదరాబాద్ నుంచి వచ్చి ఆపరేషన్ చేసి అదే సాయంత్రం వెళ్లిపోతాడా అన్నది తెలుసుకోండి. వచ్చిపోయే సర్జన్ అయితే రాత్రి లీక్ అనుమానం వస్తే ఎవరు లోపలికి వెళ్లి చూస్తారు? ఐసీయూ, సీటీ స్కాన్, ఎండోస్కోపీ రాత్రంతా ఉంటాయా? ఈ రెండింటికి సూటిగా జవాబు రాకపోతే హైదరాబాద్ మేలు.

హైదరాబాద్ కార్పొరేట్: ఏడాదికి వందల కేసులు చేసే టీములు ఇక్కడ దొరుకుతాయి. డైటీషియన్, సైకాలజిస్టు, మత్తు డాక్టర్ ఒకే చోట ఉంటారు. గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర గురక జబ్బు, 150 కిలోలు దాటిన బరువు ఉంటే రెండో ఆలోచన లేకుండా ఇక్కడికే. సొంత డబ్బుతో అయితే రెండున్నర నుంచి ఐదు లక్షల దాకా అవుతుంది. గదిని బట్టి, పొట్టను కోసి కుట్టే స్టేప్లర్‌లో వాడిన కార్ట్రిడ్జిల సంఖ్యను బట్టి మారుతుంది. "ప్యాకేజీ" అంటే స్టేప్లర్లు కలిపేనా అని రాతపూర్వకంగా అడగండి.

ప్రభుత్వ దవాఖాన: నిమ్స్, ఉస్మానియాల్లో ఈ రంగం సర్జన్లు ఉన్నారు. ఉస్మానియాలో 2022లో 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు. ఎదురుచూపు ఎక్కువ, తిరుగుడు ఎక్కువ. వెంట తిరగడానికి ఇంట్లో ఒక మనిషి ఉండి, డబ్బు నిజంగా అడ్డయితే దీన్ని తక్కువ చేసి చూడకండి.

## ఇన్సూరెన్స్: కాగితం మీద ఏముంది

"ఊబకాయానికి ఇన్సూరెన్స్ రాదు" అనే మాట పాతది. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులన్నిటికీ ఒకే పదజాలం తెచ్చింది. పాలసీలో "ఎక్స్‌క్లూజన్ 06" అని కనిపించేది ఊబకాయం గురించే. ఆ మినహాయింపు కింద పడకుండా ఉండాలంటే ఇవన్నీ నెరవేరాలి: డాక్టర్ సలహా ఉండాలి, వైద్య ప్రమాణాల ప్రకారం చేయాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా ఎక్కువ ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉంటే, తేలిక పద్ధతులతో బరువు తగ్గే ప్రయత్నం విఫలమై, ఈ నాలుగింటిలో ఒకటి ఉండాలి: ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగర్.

మోకాళ్ల అరుగుదల, పీసీఓడీ, ఫ్యాటీ లివర్, బీపీ ఈ జాబితాలో లేవు. బీఎంఐ 37 ఉండి మోకాళ్ల నొప్పి ఒక్కటే రాస్తే ఫైలు వెనక్కొస్తుంది. గురక ఉందా, రాత్రి ఉలిక్కిపడి లేస్తారా? స్లీప్ స్టడీ చేయించుకోండి. ఆప్నియా తీవ్రమని తేలితే అది మీ ప్రాణానికీ ముఖ్యం, ఫైలుకూ ముఖ్యం. లేని జబ్బు రాయించమని మాత్రం ఎవరన్నా ఒప్పుకోకండి.

| ఏ కవరేజీ | బలం | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|
| సొంత పాలసీ | ఉద్యోగం పోయినా ఉంటుంది | వెయిటింగ్ పీరియడ్, గది అద్దె పరిమితి |
| కంపెనీ గ్రూప్ పాలసీ | చాలావాటిలో వెయిటింగ్ ఉండదు | కంపెనీ ఒప్పందంలో ఈ ఆపరేషన్ ఉందా, అమ్మానాన్నలకు కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) ఎంత |
| సింగరేణి, రైల్వే, సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) | రిఫరల్ ఉంటే పెద్ద ఖర్చు తప్పుతుంది | ముందస్తు అనుమతి లేకుండా చేరొద్దు |
| ఆరోగ్యశ్రీ | పేద కుటుంబాలకు పెద్ద అండ | ప్యాకేజీ జాబితాలో ఉంటేనే |

సొంత పాలసీ ఈ రోజు తీసుకుని వచ్చే నెల ఆపరేషన్ అంటే కుదరదు. ముందున్న జబ్బులకు, జాబితాలో పెట్టిన చికిత్సలకు ఎదురుచూసే కాలం ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇది 36 నెలలు దాటకూడదని నిబంధన. కొన్ని పాలసీల్లో ఇంకా తక్కువ. పాత పాలసీ ఉంటే, దాన్ని వేరే కంపెనీకి మార్చుకున్నా (పోర్ట్ చేసినా) గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. ప్రపోజల్ ఫారంలో బరువు, ఎత్తు మీరే రాయండి. "కొంచెం తగ్గించి రాద్దాం సార్" అనే ఏజెంటు మాట వింటే, రేపు క్లెయిమ్ రోజు ఆ కాగితమే మీ మీదికి వస్తుంది. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు చదివి నచ్చకపోతే వెనక్కిచ్చేయొచ్చు. కాబట్టి ఆ నెలలో ఒక్క పూట కూర్చుని చదవండి.

గది అద్దె సంగతి చాలామందికి డిశ్చార్జి రోజే తెలుస్తుంది. మూడు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం అని ఉంటే అది 3,000. మీరు 6,000 గది తీసుకుంటే గది అద్దెతో పాటు సర్జన్ ఫీజు, ఓటీ చార్జీల్లోనూ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత ఉండకూడదు. అర్హతకు మించిన గదికి మారమని ఆసుపత్రి వాళ్లు చెప్పినా, ఈ లెక్క చేశాకే సరే అనండి.

గ్రూప్ పాలసీ. కొడుకో కూతురో గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ అమ్మానాన్నలను చేర్పించిన ఇళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. చాలామందికి ఇదే దగ్గరి దారి. హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి ఆపరేషన్ పేరుతో సహా అడగండి, జవాబు రాతలో తెచ్చుకోండి. పిల్లవాడు ఉద్యోగం మారే ఆలోచనలో ఉంటే మీ ఆపరేషన్ తేదీ, తర్వాతి రెండు మూడు నెలల ఖర్చులు అంతకు ముందే అయిపోయేలా చూసుకోండి.

సింగరేణి కుటుంబాలు ఏరియా హాస్పిటల్ నుంచి, రైల్వే వాళ్లు కాజీపేట రైల్వే ఆసుపత్రి నుంచి రిఫరల్ అడగడంతో మొదలుపెట్టాలి. ముందు ప్రైవేటులో చేరి తర్వాత బిల్లు పెట్టుకుందామంటే ఇబ్బంది పడతారు. సీజీహెచ్‌ఎస్‌లోనూ ముందు అనుమతి కావాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పరిమితి ఎంతున్నా చికిత్స ప్యాకేజీ జాబితాలో ఉంటేనే వర్తిస్తుంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, లేదా 104కు ఫోన్ చేసి, "నా జబ్బుకు, ఈ ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉందా?" అని అడగండి. "కార్డు ఉంది కదా, అయిపోతుంది" అనే మధ్యవర్తుల మాట మీద డబ్బు కట్టకండి.

ఫైలులో ఏముండాలి? బరువు, ఎత్తు, తేదీతో రాసిన మొదటి ఓపీ చీటీ. గత ఏడాది రెండేళ్లలో డైటీషియన్, ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లిన చీటీలు, వాటిమీద బరువులు. షుగర్ మూడు నెలల సగటు రిపోర్టులు. స్లీప్ స్టడీ, ఎకో (గుండె స్కాన్). సర్జన్ సొంత మాటల్లో ఎందుకు అవసరమో రాసిన లేఖ. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు లివర్ చిన్నదవడానికి తక్కువ కాలరీల డైట్ పెడతారు, అందులో నాలుగైదు కిలోలు తగ్గొచ్చు. మీ బీఎంఐ 35 అంచున ఉంటే అనుమతి లేఖలో ఏ తేదీ బరువు పంపుతున్నారో డైట్ మొదలుకాక ముందే ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడగండి.

క్యాష్‌లెస్ అనుమతి అడిగాక గంటలో, డిశ్చార్జి బిల్లు మీద మూడు గంటల్లో జవాబివ్వాలని 2024లో నియంత్రణ సంస్థ చెప్పింది. తిరస్కరిస్తే ఏ క్లాజు కింద తిరస్కరించారో రాయించుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు చెప్పే అధికారం ఉంది. ఏడాది లోపు వెళ్లాలి.

## కోలుకునే రోజులు: ఏ ఆపరేషన్ అయినా

మొదటి రోజు సాయంత్రమే నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే ఆ నడక తప్పదు. రెండు వారాలు ద్రవాలే: పలుచటి చారు, పెసరకట్టు, మజ్జిగ, వడకట్టిన సూపు, ప్రొటీన్ పొడి. తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి. ఆ తర్వాత మెత్తని ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, పనీర్, చేప. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి, పిడికెడంత. గట్టి అన్నం ముద్ద, జొన్నరొట్టె మొదట్లో గొంతు దిగక అడ్డుపడతాయి. రాగి జావ మంచిదే, కానీ దాన్నే పొద్దస్తమానం తాగితే ప్రొటీన్ చాలదు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి.

"అయ్యో బిడ్డా, ఏమీ తినట్లేదు" అని పెద్దవాళ్లు బలవంతం చేయడం మనింట్లో ప్రేమే. డైటీషియన్ దగ్గరికి అమ్మనో అత్తనో వెంట తీసుకెళ్లండి. డాక్టర్ నోట వింటే ఆ ప్రేమ పెసరకట్టు వైపు తిరుగుతుంది.

మూడు నుంచి ఆరో నెలలో జుట్టు రాలుతుంది, ఎక్కువమందికి తిరిగి వస్తుంది. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు, కొందరికి ఆరు నెలలు మాత్ర రాస్తారు. ఇన్సులిన్, బీపీ డోసులు తొలి వారాల్లోనే తగ్గించాల్సి వస్తుంది. పాత చీటీ ప్రకారం వేసుకుంటూ పోతే షుగర్ పడిపోతుంది. ఆగకుండా వాంతులు అవుతుంటే "గ్యాస్" అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. బీ1 విటమిన్ పడిపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. జ్వరం, గుండె దడ, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, ఆయాసం వస్తే అదే గంటలో బయలుదేరాలి.

కల్లు, మందు సంగతి. ఆపరేషన్ తర్వాత మద్యం త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, తిండి మీది మోజు తాగుడు మీదికి మళ్లినవాళ్లు ఉన్నారు. ఇప్పటికే రోజూ తాగే మనిషి ముందు ఆ అలవాటుకు చికిత్స తీసుకోవాలి.

## మీలాంటివాళ్లకు నేను చెప్పేది

షుగర్, ఛాతీ మంట రెండూ ఉండి, మందులు తప్పక వేసుకునే టీచర్, బ్యాంకు ఉద్యోగి లాంటివాళ్లు: మామూలు బైపాస్.

మంట లేదు, ఊరు దూరం, ఏడాదికి రెండు మూడుసార్లకు మించి రాలేని రైతు, వ్యాపారి: స్లీవ్. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ పరీక్షలు హనుమకొండ ల్యాబుల్లోనే అవుతాయి. రిపోర్టు ఫోన్‌లో పంపితే చూసే టీమును ఎంచుకోండి.

బీఎంఐ 33, షుగర్ ఉంది, ఇన్సూరెన్స్ రాదు: ముందు ఎండోక్రైనాలజిస్టుతో ఇంజెక్షన్ల మాట. ఆరు నెలలకు మళ్లీ లెక్క చూసుకోండి. ఆపరేషనే అనుకుంటే సొంత డబ్బుకు సిద్ధపడాలి, నగలు కుదువ పెట్టి తొందరపడాల్సిన పని కాదు.

అరవై దాటి, గుండె స్టెంట్ ఉన్నవాళ్లు: హైదరాబాద్‌లో పెద్ద టీము, కార్డియాలజిస్టు లేఖ ముందుగా.

పెళ్లిచూపులు దగ్గర పడుతున్నాయని ఇంట్లో వాళ్లు తొందరపెడుతున్న అమ్మాయి: బీఎంఐ 29, 30 దగ్గర ఉండి, ఏ జబ్బూ లేకపోతే ఈ ఆపరేషన్ మీకోసం కాదు. పొట్టలో మూడొంతులు కోసి తీసేశాక తిరిగి రాదు, సంబంధం కుదిరినా కుదరకపోయినా. నిజంగా అర్హత ఉన్న అమ్మాయైతే ఆపరేషన్‌కూ గర్భానికీ మధ్య ఏడాది, ఏడాదిన్నర ఉండేలా చూసుకుని, ఆ మాట కాబోయే భర్తకు ముందే చెప్పండి. గర్భనిరోధక మాత్రలు బైపాస్ తర్వాత సరిగా పనిచేయకపోవచ్చు, కాపర్ టీ లాంటి వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగండి.